రోజుకు నాలుగు శ్రుతులు: ఒక పరిశోధక గాయని గొంతు కేసు

డిసెంబరు మొదటి వారమంటే చెన్నైలోని మా మైలాపూరు క్లినిక్‌లో కుర్చీలు చాలవు. కచేరీ దగ్గరపడ్డాక గొంతు గుర్తొచ్చేవాళ్లు, రెండు నెలల జీరను దగ్గు మందుతో నెట్టుకొచ్చినవాళ్లు, పోటీకి వెళ్లే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లులు. ఆ రద్దీలోనే వచ్చిందా అమ్మాయి. ఊరు ఒంగోలు వైపు, వయసు 26. ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీతంలో పీహెచ్‌డీ, రెండో ఏడు. గాత్రం. డిసెంబరు సంగీత సీజన్‌లో నాలుగు కచేరీలు ఒప్పుకుంది. నాలుగూ మధ్యాహ్నపు జూనియర్ స్లాట్లే. మొదటిదానికి ఇంకా పదిహేడు రోజులుంది.

నేను వాయిస్ థెరపిస్టును. ఈఎన్‌టీ డాక్టరు చూసి పంపినవాళ్లకు గొంతు వాడకం సరిచేయడం నా పని. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. చికిత్సలో గొప్ప విశేషమేమీ లేదు. మొదటి వారం నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు. అందుకే రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

"తార షడ్జం దాటితే గాలి వస్తోంది మేడమ్, స్వరం రావట్లేదు" అంది. ఆగస్టులో మొదలైందట. అప్పట్లో అప్పుడప్పుడూ ఉండేది. నవంబరు మధ్య నుంచి రోజూ. పొద్దున లేవగానే గొంతు రెండుగా చీలినట్టుంటుంది, ఒక గంట పాడాక మెడ పక్కన నొప్పి. మూడు నాలుగు వారాలు దాటిన బొంగురును ఎవరైనా డాక్టరుకు చూపించుకోవాలి. తను నాలుగు నెలలు ఆగింది. జలుబు అనుకుందట.

ఆ పై షడ్జాన్నే, అంటే పై 'స'ను, గట్టిగా పట్టమన్నాను, వచ్చింది. అదే స్వరాన్ని పిల్లను జోకొట్టేటంత మెల్లగా పట్టమన్నాను. మొదట ఉత్త గాలి, అర సెకను తర్వాత స్వరం. స్వరతంత్రుల అంచున వాపు ఉంటే మొదట పోయేది ఈ మెత్తటి పై స్వరమే. గట్టిగా పాడితే గాలి ఒత్తిడితో వాపును నెట్టుకుని వెళ్లిపోవచ్చు. అందుకే చాలామంది గాయకులకు తమ గొంతు చెడిందని ఆలస్యంగా తెలుస్తుంది. మెల్లగా పాడి చూసుకునే అలవాటు మనలో తక్కువ.

స్ట్రోబోస్కోపీలో, అంటే మెరిసే వెలుగులో తంత్రుల కదలికను చూసే పరీక్షలో, రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా చిన్న ఉబ్బులు కనిపించాయి. ముందు మూడో వంతు, వెనక రెండొంతులు కలిసేచోట, సరిగ్గా నాడ్యూల్స్ వచ్చే తావులోనే. గడ్డపార పట్టిన అరచేతిలో కాయ కాస్తుంది చూడండి, అలాంటిదే ఇదీ. తంత్రులు ఒకదానికొకటి ఎక్కువగా కొట్టుకునే చోట వస్తుంది. ఆ అమ్మాయి శ్రుతి ఐదున్నర. గాయకులు తమ ఆధార షడ్జం ఎంత ఎత్తులో ఉందో ఇలా అంకెతో చెప్పుకుంటారు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. ఆ శ్రుతిలో ఆధార షడ్జం పట్టుకుంటే తంత్రులు సెకనుకు దాదాపు 208 సార్లు తాకుతాయి. ఆపకుండా గంట పట్టుకుంటే ఏడు లక్షలు దాటుతుంది. పై స్థాయిలో ఇంతకు రెట్టింపు. ఉబ్బులు ఇంకా మెత్తగానే ఉన్నాయి కాబట్టి ఆపరేషన్ మాట రాలేదు. ఇలాంటివాటికి మొదటి వైద్యం థెరపీయే.

ఒక్క ఊపిరితో "ఆ" అని పట్టుకోమంటే 11 సెకన్లు వచ్చింది. గాత్రం పాడే అమ్మాయికి అది తక్కువ. గొంతు ఇబ్బందిని కొలిచే పది ప్రశ్నల ఫారంలో 40కి 17 వచ్చాయి. రాత్రి బాగా పొద్దుపోయాక తిని వెంటనే పడుకోవడం గురించి డాక్టరుగారు మందలించారు.

ఇక నా వంతు. నీళ్లు తాగు, కాఫీ తగ్గించు, గొంతు సవరించుకోకు, ఐదు రోజులు పాడకు. మొదటి కచేరీకి టైముంది కదా, ముందు వాపు తగ్గనీ అన్నాను. అందరికీ ఇచ్చే చీటీయే తనకూ ఇచ్చి పంపాను.

"అది పాడటం కాదు మేడమ్"

వారం తర్వాత వచ్చింది. ఏమీ తగ్గలేదు, నిజానికి కాస్త పెరిగింది.

"ఐదు రోజులూ పాడలేదా?"

"లేదు మేడమ్. సాధన మానేశాను, పాఠానికి వెళ్లలేదు. ఎలాగూ టైము దొరికింది కదా అని రీసెర్చ్ పనే చూసుకున్నాను."

రీసెర్చ్ అంటే లైబ్రరీ, పుస్తకాలు, లాప్‌టాప్ అనుకున్నాను నేను. అక్కడే నోరు మూసుకుని ఊరుకునేదాన్నేమో. బయట పేషెంటు ఇంకా రాకపోవడంతో ఊరికే అడిగాను, ఏం పని చేస్తావమ్మా అని.

తన అంశం పాత గ్రామఫోన్ రికార్డుల్లోని పదాలు, జావళీలు అనే శృంగార గీతాలు. నూరేళ్ల కిందట వాటిని ఎలా పాడారు, ఇప్పటి పాఠాంతరాల్లో ఏం మారింది, 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లోని గమక గుర్తులతో (స్వరాన్ని ఎలా ఊపాలో చెప్పేవి) పోలిస్తే ఏం తెలుస్తుంది అని. అందుకోసం ఒక్కో రికార్డునూ విని స్వరపరచాలి, అంటే పాడినది పాడినట్టు స్వరాలుగా రాయాలి. రికార్డు ఒక వైపు ఉండేది మూడు నిమిషాలే. దాన్ని స్వరపరచడానికి తనకు నాలుగు రోజులు పడుతుందట.

నాలుగు రోజులు ఏం చేస్తావు, నాకోసారి చేసి చూపించు అన్నాను.

లాప్‌టాప్ తీసింది, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పన్నెండు సెకన్ల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ మోగేలా పెట్టి, దాంతోపాటు పాడింది. ఆపి, కాగితం మీద రెండు స్వరాలు రాసి, మళ్లీ పాడింది. తొమ్మిది సార్లు. తొమ్మిదోసారికి మా రిసెప్షన్ అమ్మాయి తలుపు తీసి తొంగి చూసింది. బయట కూర్చున్న ఒక పెద్దాయన అరవంలో "భేష్" అన్నారు.

నా ఫోన్లో రికార్డు చేసినది వినిపించాను. హెడ్‌ఫోన్లు తీసి విని, "ఇంత గట్టిగా పాడానా?" అని అడిగింది.

చెవులు మూసుకుని, లోపల వేరే శబ్దం మోగుతుంటే మన గొంతు మనకు సరిగా వినపడదు, తెలియకుండానే పెంచేస్తాం. సంతలో అరిచి మాట్లాడటానికి కారణం కూడా ఇదే. దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. 1925 దాకా రికార్డింగుకు కరెంటు మైకు లేదు. గాయని ఒక పెద్ద బూర ముందు నిలబడి, గొంతెత్తి పాడితేనే మైనం మీద గీత పడేది. ఆ పాట ఎలా ఉందో అలాగే పట్టుకోవాలని మా అమ్మాయి తాపత్రయం. అంటే బూరలోకి పాడిన గొంతును హెడ్‌ఫోన్లలో విని, అదే బలంతో, పీజీ (పేయింగ్ గెస్ట్) గదిలో, అర్ధరాత్రి అనుకరిస్తోంది. రూమ్మేట్‌ది నైట్ షిఫ్టు కాబట్టి అడిగేవాళ్లు లేరు.

అదంతా తన శ్రుతిలోనూ కాదు. రికార్డులో ఆరున్నర ఉంటే ఆరున్నర. పైగా ఆ కాలపు రికార్డులన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్ల వేగంతో చేసినవి కావు. నాలుగు చుట్లు అటూఇటూ అయితే దాదాపు అర శ్రుతి మారిపోతుంది. ఒక్కో ఫైలు ఒక్కో శ్రుతి.

"ఇన్ని గంటలు పాడుతూ పాడలేదంటావేంటమ్మా?"

"అది పాడటం కాదు మేడమ్. పాడి చూసుకోవడం."

ఈ మాటే నా కేసు షీటులో పెద్దక్షరాలతో రాసుకున్నాను. తను అబద్ధం చెప్పలేదు. పాడటమంటే తన దృష్టిలో సాధన, పాఠం, కచేరీ. మిగతాది చదువు. నేనూ అదే గీత గీసుకున్నాను. సాధన మానెయ్ అని నేను ఖాళీ చేసిన గంటల్లో తను ఈ పని చేసుకుంది.

డైరీ

వారం పాటు అరగంటకోసారి మూడు సంగతులు రాయమన్నాను: గొంతు వాడావా, ఎవరి శ్రుతిలో, ఎంత గట్టిగా. థీసిస్ డ్రాఫ్టు కాగితాల వెనక రాసుకొచ్చింది. అందులో ఒక మంగళవారం ఇలా గడిచింది.

పొద్దున ఆరుంపావుకు లేచింది. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా న్యూజెర్సీలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు. తనకు ఫెలోషిప్ లేదు, పీజీ అద్దె ఈ క్లాసుల మీదే. ఏడెనిమిదేళ్ల పిల్లలు, వాళ్లకు ఆరు శ్రుతి. వాళ్లు తప్పకుండా ఉండాలని క్లాసంతా వాళ్లతోపాటు పాడుతుంది.

తర్వాత మందవెల్లిలో ట్రైనెక్కి కోటూర్‌పురం. అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో రెండు గంటలు. మాట్లాడకూడదని గుసగుసగా చదువుకుంటుంది. గొంతు బిగబట్టి గుసగుసలాడితే అది విశ్రాంతి కాదని చెప్పాను. మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు. ఇక్కడో చిన్న ముచ్చట. సీజన్ ముందు తమిళ స్నేహితులందరికీ పదవిభాగం చెప్పే దిక్కు తనే. ఈ మాట ఎక్కడ విరవాలి, ఈ 'ళ' నిజంగా 'ళ'నా, ఈ పదానికి అర్థం కచేరీలో చెప్పదగ్గదేనా. తెలుగమ్మాయివి కదా అని అడుగుతారు, కాదనలేదు. ఆ మంగళవారం ఒక్కరోజే పందొమ్మిది వాయిస్ మెసేజులు పంపింది.

సాయంత్రం తిరువాన్మియూరులో గురువుగారి ఇంటికి. ప్లాట్‌ఫారం మీద, రైల్లో, ఆ హోరులో అమ్మతో ఫోను. గురువుగారిది ఒకటిన్నర శ్రుతి, పాఠం అందులోనే. ఆడగొంతుకు అది కింద అందదు, పైన తెగుతుంది. రెండు గంటలు ఆ రెంటి మధ్య ఊగుతుంది. ఎనిమిదిన్నరకు గది. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా రికార్డులు.

సొంత శ్రుతిలో, ఐదున్నరలో, సొంత సాధన: 25 నిమిషాలు. అదీ భోజనం వేడి చేసుకుంటూ.

పిల్లల శ్రుతి, గురువుగారి శ్రుతి, రికార్డు శ్రుతి అన్నీ పోగా తనకు దక్కింది ఆ పాతిక నిమిషాలు. కాగితం నా ముందు పెట్టినప్పుడు ఎరుపు పెన్నుతో ఆ ఒక్క గడి చుట్టూ తనే గీసి ఉంచింది. నేను చెప్పాల్సిన పని పడలేదు.

మరి ఆగస్టులో కొద్దిగా ఉన్నది నవంబరులో ఎందుకు ముదిరింది? రికార్డుల పని జూలైలో మొదలైంది, ఆగస్టు జీరకు అది చాలు. నవంబరు సంగతి మాత్రం నాకు కాసేపు అంతుపట్టలేదు. తర్వాత తనే చెప్పింది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. అక్కడి రాత్రి ఎనిమిది అప్పటిదాకా మనకు పొద్దున ఐదున్నర, ఆ రోజు నుంచి ఆరున్నర. అంతకుముందు నాలుగున్నరకు లేచి మంద్రస్థాయిలో (కింది స్వరాల్లో) అరగంట 'ఆ' అంటూ అకారం చేసుకుని క్లాసులో కూర్చునేది. క్లాసయ్యాక ఏడున్నర నుంచి తొమ్మిది దాకా సాధన. గంట జరిగేసరికి ఆ వెనక సాధన లైబ్రరీ టైములో కలిసిపోయింది. ముందు అకారమేమో, ఎలాగూ గంట దొరికింది కదా అని రాత్రి రికార్డుల దగ్గర ఇంకో గంట కూర్చోవడంలో పోయింది. దాంతో రోజులో మొదటి శబ్దమే ఆరు శ్రుతిలో, పూర్తి గొంతుతో.

ఏం మార్చాం

క్లాసుల దగ్గర మొదలుపెట్టాం. పిల్లలతోపాటు పాడటం మానేసి, ఒక్కసారి పాడి చూపించి, ఆ రికార్డింగే మళ్లీ వినిపించడం. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడ్డారు. ఒక తల్లికి మాత్రం టీచర్ పాడట్లేదని కష్టం వేసి పాపను మాన్పించింది. నెల ఆదాయంలో ఆ మేరకు కోత. థెరపీ సలహాకు కూడా ఖర్చుంటుందని నేను తరచూ మర్చిపోతుంటాను.

గురువుగారితో తనే మాట్లాడుకుంది, నేను కలగజేసుకోలేదు. మూడు వారాలు తాళం వేసుకుంటూ వినమన్నారట, తర్వాత మధ్యమ శ్రుతిలో, అంటే ఆయన శ్రుతిలోని మధ్యమాన్నే షడ్జంగా పెట్టుకుని, పాడమన్నారట. అంతే, పెద్ద గొడవేమీ జరగలేదు.

రికార్డుల పనికి మొదట నాకు తోచినవి చిన్న ఉపాయాలే. హెడ్‌ఫోన్లు ఒక చెవికే పెట్టుకో. విన్నాక ఆపి, తీసి, అప్పుడు పాడు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో రికార్డు శ్రుతిని నీ శ్రుతికి దించుకో. రాత్రి పది తర్వాత వద్దు. సోనిక్ విజువలైజర్‌లో స్వరం గీతలా కనిపిస్తుంది, కంటితో చూసి రాసుకోవచ్చు కదా అని కూడా అన్నాను. చేసి చూసింది. ఆ రికార్డుల గరగరలో, పక్కనే మోగే హార్మోనియంలో ఏ గీత ఎవరిదో సాఫ్ట్‌వేరుకే తెలియలేదు.

అసలు దారి చూపింది తన గైడు. అప్పటిదాకా ఈ అమ్మాయి స్వరపరచే పద్ధతి ఇదని ఆవిడకూ తెలియదట. నా ఉత్తరం చదివి, "పాడి చూడటం ఎందుకు, వాయించి చూడు" అన్నారట. సుబ్బరామ దీక్షితులు వైణికులు. ఆయన గమకాల వివరణే వీణ మీద వేలు ఎలా కదలాలో చెబుతూ సాగుతుంది. ఒంగోలులో చిన్నప్పుడు మూడేళ్లు వీణ నేర్చుకుని వదిలేసింది మా అమ్మాయి. డిపార్ట్‌మెంటులో మూలనున్న వీణకు తీగలు మార్పించి కూర్చుంది. వేళ్లు మొదటి వారం బొబ్బలెక్కాయి. "ఇప్పుడు కాయలు ఇక్కడ కాస్తున్నాయి" అని చూపించింది. పాడి రాసినవాటిలో కొన్ని వీణ మీద నిలవలేదు. ఒక పల్లవిలో తను రెండు స్వరాలుగా రాసుకున్నది ఒకే మెట్టు మీద లాగిన తీగ. గొంతుతో పాడుకుంటే తన అలవాటు తన చెవిని కప్పేసిందన్నమాట. ఆ అధ్యాయం మళ్లీ రాయాల్సి వచ్చింది. గైడుకు సంతోషమే, తనకు మాత్రం జనవరి గడువు తప్పిందని టెన్షన్.

గొంతుకు ఇచ్చిన వ్యాయామం ఒక్కటే, స్ట్రా. గ్లాసు నీళ్లలో రెండు వేళ్ల లోతున స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా దాంట్లోకి స్వరం వదలడం. పెదాల దగ్గర దారి సన్నగా ఉంటే గాలి కొంత వెనక్కి ఒత్తుతుంది, తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా మెత్తగా తాకుతాయి. తమిళనాడులో 2019 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం. కాగితపు స్ట్రా పది నిమిషాల్లో నానిపోతుంది, చివరికి స్టీలుది కొనుక్కుంది. సరళీ వరుసలు, తర్వాత జంటలు, తర్వాత అలంకారాలు, అన్నీ బుడగల్లోనే. రోజుకు ఐదుసార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలు, అందులో ఒకటి క్లాసుకు ముందు. తోడి గాంధారాన్ని స్ట్రాలో ఊపడం మొదటిసారి వింటే నవ్వాగదు. మేమిద్దరం నవ్వుకున్నాం.

వాయిస్ మెసేజులకు బదులు టైపు చేయమన్నాను. అమ్మ ఫోను గదికి చేరాక.

కచేరీ, ఆ తర్వాత

నాలుగు కచేరీల్లో రెండు వదులుకుంది. నేను మూడు వదలమన్నాను. కొత్తగా వచ్చేవాళ్లకు ఒకసారి కాదంటే ఆ సభవాళ్లు మళ్లీ పిలుస్తారన్న నమ్మకం లేదు, నా సలహా వెనక ఆ భయం లేదు. రెండు దగ్గర రాజీ పడ్డాం. ఐదున్నర నుంచి ఐదుకు శ్రుతి దించింది. స్టేజి మీది స్పీకర్లో (మానిటర్) మృదంగం మోత ఎక్కువైతే తగ్గించమని ముందే అడిగింది, ఆ మొహమాటం పోగొట్టడానికి నాకు ఒక సెషన్ పట్టింది.

మొదటిదానికి వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండు, హాల్లో ఇరవై మందిమి ఉంటాం. రాగం పెంచలేదు, పై గాంధారం దగ్గర నిలవలేదు. రెండో సగంలో ఒక పదం పాడింది, చాలా నిదానంగా, మెల్లగా. పై షడ్జం మెత్తగా తాకినప్పుడు గాలి ముందు రాలేదు. నేను సంగీతం వినడానికి వెళ్లి ఆ అర సెకను కోసం కాచుకుని కూర్చున్నాను. వృత్తి దోషం. బయటికొచ్చి క్యాంటీన్‌లో కాఫీ తాగాం. తనకు నేను వద్దన్న కాఫీయే.

ఫిబ్రవరి మొదట్లో మళ్లీ స్ట్రోబోస్కోపీ చేశాం. ఎడమ వైపు ఉబ్బు దాదాపు లేదు, కుడి వైపు చిన్నదయింది, ఉంది. ఒక్క ఊపిరిలో 16 సెకన్లు. ఫారంలో 17 నుంచి 8కి దిగింది. పొద్దున చీలిక పోయింది. వరసగా రెండు రోజులు ఎక్కువ పాడితే మాత్రం మెత్తటి పై స్వరం ఇంకా వెనకాడుతోంది. శ్రుతి ఐదులోనే ఉంచింది, మళ్లీ పెంచే ఆలోచన లేదంది.

నా ఇంటేక్ ఫారంలో ఇప్పుడు ఒక గడి చేరింది: పాడని గంటల్లో ఏం చేస్తారు, చేసి చూపించండి. తర్వాత వచ్చిన ఒక డాన్స్ టీచర్‌తో ఆ గడి నింపిస్తే నట్టువాంగం చెబుతూ, అంటే నాట్యానికి తాళం వేస్తూ, జతులు అరవడం బయటపడింది. ఆవిడ దాన్ని గొంతు వాడకంలో లెక్కేయలేదు.

మార్చి రెండో ఆదివారం ఈ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, టైపు చేసిందే: "అక్కా, అమెరికాలో టైము మళ్లీ మారింది. ఎల్లుండి నుంచి క్లాసు ఐదున్నరకే. స్ట్రా నాలుగున్నరకా, ఐదుకా? వీణ పొద్దున పెట్టుకోనా, రాత్రా?" గురువారం రమ్మన్నాను, కొత్త డైరీ కాగితాలు తెచ్చుకోమని.